మొహమాటం గీత

ఇంట్లో ఆమెను చిన్నది అంటారు. నలభై దాటి చాలాకాలమైంది, కళ్ళజోడు వచ్చింది, చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి, పేరుకు ముందు డాక్టరు అని రాసుకునే హక్కు కూడా వచ్చింది. అయినా అక్క అనే మనిషి ఒకతె ఉన్నంతకాలం చిన్నది చిన్నదే. ఆ డాక్టరూ మందులిచ్చే డాక్టరు కాదు, రక్తపరీక్షల మీద పరిశోధన చేసి తెచ్చుకున్న పట్టా. దగ్గుకు ఏం వాడాలని చుట్టాలు ఫోన్ చేస్తే ఆమె మందుల షాపతన్ని అడిగి చెప్పేది. అంత చదువూ చదివి ఇదేనా అని వెనక నవ్వుకునేవాళ్ళు, ముందు మాత్రం నీకు తెలియనిదేముందమ్మా అనేవాళ్ళు. ఆ కుటుంబంలో ఎవరూ ఎవరి మొహం మీదా ఏదీ అనరు. ఒక్క అక్క తప్ప.

చిన్నది పనిచేసేది ఒక పెద్దాసుపత్రి వెనక భాగంలో, మెట్ల కింద నుంచి దారి ఉన్న పరీక్షల గదిలో. హెచ్ఐవీ పరీక్షలు అక్కడే చేస్తారు. కిటికీ అద్దాలకు సగం దాకా తెల్లరంగు పూశారు, లోపల ఎవరు కూర్చున్నారో బయటివాళ్ళకు కనపడకూడదని. వేలికి సూది గుచ్చి, ఒక చుక్క రక్తం తీసి, చిన్న పట్టీ మీద వేస్తారు. పట్టీ మీద మొదటి గీత ఎప్పుడూ వస్తుంది, పట్టీ సరిగ్గా పనిచేస్తోందని చెప్పడానికి. రెండో గీత వస్తే జబ్బు ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. వినడానికి ఇంతే. కానీ అప్పుడప్పుడు ఆ రెండోది వచ్చీ రానట్టు వస్తుంది. వెలుతురులో పెడితే ఉన్నట్టుంటుంది, కాస్త దూరం జరిపితే లేనట్టుంటుంది. గుమ్మంలో నిలబడి లోపలికి రానా వద్దా అని నసిగే చుట్టం లాంటిది. దానికి ఆ గదిలో మొహమాటం గీత అని పేరు. ఆ పేరు పెట్టింది చిన్నదే.

గీత మొహమాటపడితే పడింది, దాన్ని చదివేవాళ్ళ మొహమాటంతోనే అసలు తంటా. లేదని రాస్తే, రేపు ఉందని తేలితే మాట పడాలి. ఉందని రాసేస్తే ఏ గొడవా లేదు. అందుకని రాసేసేవాళ్ళు. ఒక పట్టీ ఉందనీ ఇంకో రకం పట్టీ లేదనీ చెబితే మూడో రకం వేసి, అది ఎటు మొగ్గితే అటు తీర్పు చెప్పేవాళ్ళు. ఇద్దరు కొట్టుకుంటుంటే దారినపోయేవాణ్ణి పిలిచి న్యాయం చెప్పమన్నట్టుండేది. ఇప్పుడే చెప్పలేము, కొన్నాళ్ళాగి మళ్ళీ రండి అనే మాట ఒకటుందని, ఆ మాట అనడానికి సిగ్గుపడక్కర్లేదని ఎవరికీ తోచలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే మోటు సామెత ఒకటుంది, అందరికీ తెలిసిందే. ఇక్కడ అయింది అంతకన్నా పెద్దది.

చిన్నది ఏళ్ళ తరబడి ఆ గీతల వెంట పడింది. జబ్బుందని రాయించుకుని మాత్రలు వాడుతున్నవాళ్ళను ఒప్పించి, మళ్ళీ రక్తం తీసి, పెద్ద యంత్రాల మీద పరీక్షించింది. చాలామందికి జబ్బు ఉన్నమాట నిజమేనని తేలింది. కానీ కొందరికి, బహు కొద్దిమందికి, అసలు జబ్బే లేదు. వాళ్ళలో దాదాపు అందరూ మొహమాటం గీతల వాళ్ళే. ఆ కొద్దిమందిలో బస్సు డిపోలో టికెట్లు ఇచ్చే ఒకావిడ ఉంది. నీకు జబ్బు లేదమ్మా అని చెబితే ఆవిడ సంతోషించలేదు. గోడ వంక చూస్తూ, మరి నన్నొదిలేసి పోయినాయన సంగతేమిటి అని అడిగింది. చిన్నది ఆ రాత్రి అన్నం తినలేదు, మర్నాటి నుంచి ఆ పరిశోధన అచ్చు వేయించాలని పట్టుబట్టింది.

ఇక అక్క సంగతి. వాళ్ళ నాన్న షాపుల బోర్డులు రాసే మేస్త్రి. నూలుతాడుకు సుద్దపొడి పట్టించి, చెరో కొసా పట్టుకోమని కూతుళ్ళిద్దరికీ ఇచ్చి, మధ్యలో లాగి వదిలేవాడు. రేకు మీద తెల్లగా గీత పడేది. ఎవరైనా తాడు వదులు చేస్తే గీత అలుక్కుపోయేది. గీతంటే కనపడాలి, కనపడని గీత మీద అక్షరం ఎలా నిలబడుతుంది అని కసిరేవాడు. వదులు చేసేది ఎప్పుడూ చిన్నదే. తల్లి తొందరగా పోవడంతో అక్క బడి మానేసి ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో చేరింది. చిన్నది చదివిన చదువంతా ఆ ఆవిరిలోంచి వచ్చిందే.

తర్వాత అక్క ఇంట్లోనే కర్టెన్లు కుట్టడం మొదలుపెట్టింది. ఎవరైనా గుడ్డ తెస్తే, ఈ రంగు మీ గోడకు నప్పదండీ, దండగ అని మొహం మీదే చెప్పేది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు గానీ, జనం ఆ ఉన్నమాట కోసమే ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె కుట్టిన అంచు వంకర పోయిందన్న మనిషి లేడు. దారం సూదిలోకి ఒక్కసారికే ఎక్కేది, కళ్ళు అంత చురుకు.

బావది పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బిగించే పని. పని ఉన్న చోటల్లా నెలల తరబడి ఉండిపోయేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒక ఏడాది మనిషి సగమై తిరిగొచ్చాడు. జ్వరమన్నారు, ఊపిరితిత్తులన్నారు, బయటి తిండి పడలేదన్నారు. అసలు పేరు మాత్రం ఆయన పోయేదాకా ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. చిన్నది ఆయన మెడనూ నాలుకనూ చూసి ఊహించింది. ఊహించి ఊరుకుంది.

ఆయన పోయిన కొన్నాళ్ళకు అక్కే అడిగింది, నాకూ పరీక్ష చెయ్యవే అని. సెలవురోజు చూసి చిన్నది ఆమెను ఎవరూ లేని పరీక్షల గదికి తీసుకెళ్ళింది. బయట బల్ల మీద కూర్చోబెట్టి, వేలు గుచ్చి, చుక్క తీసుకుని లోపలికి వెళ్ళింది. పట్టీ మీద రక్తం పాకుతుండగానే రెండో గీత పడింది, మొదటి దానికన్నా ముందే, దానికన్నా గట్టిగా. రెండో రకం పట్టీ వేసింది, అంతే. మూడోది వేసింది, అదీ అంతే. అక్కడ మొహమాటమూ లేదు, అనుమానమూ లేదు. చిన్నది చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడి, మొహం కడుక్కుని బయటికొచ్చింది. అక్క సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి తలుపుకు వేలాడుతున్న కర్టెన్ కుట్టు ఎంత అధ్వాన్నంగా ఉందో చూస్తోంది.

"ఏమైందే?"

"కొద్దిగా వచ్చిందక్కా."

"కొద్దిగా అంటే?"

"గీత... కొద్దిగా. మాత్రలు వేసుకుంటే ఏం కాదు."

ఆ మాటలో రెండో సగం నిజం. అక్క పెద్దగా ఊపిరి వదిలి, కొద్దిగానే కదా, నేనింకా ఏమో అనుకున్నాను అంది. లేచి చిన్నదాని భుజం తట్టింది కూడా. జబ్బున్న మనిషి లేని మనిషిని ఓదార్చి, ఇద్దరూ బస్సెక్కి ఇంటికెళ్ళారు.

ఆ రోజు నుంచి ఆ జబ్బుకు వాళ్ళిద్దరి మధ్య కొద్దిగా అని పేరు పడింది. కొద్దిగా మాత్రలు అయిపోయాయి, తీసుకురా అని అక్క ఫోన్ చేసేది. ఎవరి కంటా పడకుండా చిన్నదే సీసాలు తెచ్చిచ్చేది. అక్క కూతురికి మాత్రం అవి రక్తపోటు మాత్రలని చెప్పారు. నిజం తర్వాత చెబుదాంలే అనుకుంది చిన్నది. మాత్రలు పనిచేశాయి, అక్క బాగుంది, ఇక గీత లావెంతయితేనేం అనుకుంది. పాము చావకుండా కర్ర విరగకుండా నెట్టుకొచ్చిన ఏళ్ళు అవి.

ఒక్కటే ముల్లు. పై అంతస్తులో ఉండే కూతురికి పాప పుడితే, అక్క ఆ పాపను ఎత్తుకునేది కాదు. తన గ్లాసు వేరు, కంచం వేరు. నడుం నొప్పని వంక పెట్టేది. తాకితే, ముద్దు పెడితే అంటుకునేది కాదు అని చిన్నది ఎన్నిసార్లు చెప్పినా, నా మనసు కోసం చెబుతావులే అనేది. మెత్తమెత్తగా మాట్లాడేవాళ్ళ నోట్లోంచి నిజమొచ్చినా మెత్తగానే వినపడుతుంది.

పరిశోధన ఒక విదేశీ పత్రికలో అచ్చయింది. దాన్ని అక్కడ ఎందరు చదివారో గానీ, ఇక్కడ ఒక విలేకరి చదివి, జబ్బు లేకున్నా ఉందన్నారు అని పెద్దక్షరాలతో వార్త రాశాడు. చిన్నదాని ఫోటో వేశాడు. బహు కొద్దిమందికే అలా జరిగిందన్న మాట చివరి పేరాలో ఉంది. చివరి పేరా దాకా ఎవరు చదువుతారు?

మర్నాటి నుంచి మెట్ల కింద జనం. అన్నాళ్ళూ మొహం దాచుకుని వచ్చిన మనుషులు పేపరు చేత్తో పట్టుకుని బాహాటంగా వచ్చారు. ఆ కొద్దిమందిలో తామే ఉన్నామని ఎవరికి వాళ్ళు అనుకున్నారు. ఎవరైనా అనుకుంటారు. చిన్నది అందరికీ మళ్ళీ పరీక్ష చేయించింది. పట్టీ మీద పట్టీ, అన్నిటి మీదా గట్టి గీతలే. వాళ్ళలో ఎండైనా వానైనా గొడుగు వదలని ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడట. అచ్చులో వచ్చింది కదమ్మా, తప్పెందుకవుతుంది అనేవాడు. ఆయన గీత తారు పూసినట్టుంది. ఆ మొహం చూసి ఆ మాట చెప్పలేక, ఇంకోసారి చూద్దాం లెండి అంది చిన్నది. అప్పటి నుంచి గొడుగాయన ఆ ఇంకోసారి కోసం వస్తూనే ఉన్నాడు.

చూద్దాం అంటే ఏమిటో మనందరికీ తెలుసు. పిల్లలు సినిమాకు తీసుకెళ్ళమంటే చూద్దాం, చుట్టం ఉద్యోగం వేయించమంటే చూద్దాం. అన్నవాడు కాదని చెప్పేశాననుకుంటాడు, విన్నవాడు సగం అవునని వింటాడు. ఇద్దరూ నవ్వుతూనే విడిపోతారు. చిన్నది ఆ రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు.

అలాంటి ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. పేపర్లో నీ మొహం బొగ్గులా వేశారని మొదలుపెట్టి, కుట్టాల్సిన గుడ్డల గురించి, పాపకు వచ్చిన పంటి గురించి చెప్పి, చివర్లో గొంతు తగ్గించింది.

"అవునే, నాది కూడా ఆ రోజు కొద్దిగానే కదా వచ్చింది?"

ఎదురుగా వరండా నిండా మనుషులు. గొడుగాయన అప్పుడే లోపలికి తొంగి చూస్తున్నాడు. కాదక్కా అనడానికి నోరు తెరిచింది. ఆ ఒక్క మాట అంటే దాని వెనక ఇన్నేళ్ళ మాటలన్నీ చెప్పాలి, ఫోన్లో, ఇంతమంది ముందు.

"చూద్దాంలే అక్కా. మళ్ళీ చేస్తా."

మళ్ళీ ఫోన్ చేసింది కూడా. కానీ పాప పన్ను గురించి మాట్లాడింది. అక్క కూడా ఇక ఆ ఊసెత్తలేదు. హమ్మయ్య అనుకుంది చిన్నది. మరచిపోయిందనుకుంది.

ఆ ఎండాకాలమంతా మంచి కబుర్లే. అక్క కూతురు ఫోన్ చేసి, అమ్మ మారిపోయింది పిన్నీ, పాపను చంక దింపట్లేదు, తన కంచంలోనే తినిపిస్తోంది, పక్కలోనే పడుకోబెట్టుకుంటోంది అని మురిసిపోయింది. ఇన్నాళ్ళకు తన మాట అక్క చెవికెక్కిందని చిన్నది పొంగిపోయింది. సీసాలు తెచ్చిచ్చి, గుమ్మంలోనే నిలబడి, పనుందని పరుగెత్తేది. ఎక్కడెక్కడో సభలకు పిలిచారు, గీతల గురించి మాట్లాడమని. వెళ్ళి మాట్లాడింది. రోగికి ఫలితం స్పష్టంగా చెప్పాలని ప్రతిచోటా చెప్పింది, చప్పట్లు కొట్టారు. దీపం కింద చీకటి అంటే ఇదే మరి.

చలికాలంలో తీరిక చేసుకుని వెళ్తే, అక్క కుట్టుమిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కట్లేదు. మళ్ళీ తడిపింది, మళ్ళీ ఎక్కలేదు. మెడ కింద ఎముకలు తేలి ఉన్నాయి. తలనొప్పిగా ఉందే ఈమధ్య, కళ్ళజోడు పెట్టించుకోవాలి అని నవ్వింది. ఆ నవ్వులో నాలుక మీద తెల్లటి పూత కనపడింది. బావ నాలుక మీద చూసిన పూతే. చిన్నది గబగబా వెళ్ళి, గుడ్డలు పెట్టుకునే పెట్టె మూత ఎత్తింది. తాను తెచ్చిన సీసాలన్నీ మడతల మధ్య వరసగా ఉన్నాయి. ఒక్కదాని మూతా తీయలేదు.

"మాత్రలు ఎప్పుడు మానేశావక్కా?"

"నువ్వు చూద్దాం అన్నాక."

అక్క గొంతులో దాపరికం లేదు, భయం లేదు, పైగా గర్వం ఉంది. గుండీల డబ్బాలోంచి గుడ్డలో చుట్టిన పట్టీ ఒకటి తీసింది. మందుల షాపులో కొన్నదట, చిగుళ్ళ మీద రుద్దుకుని ఇంట్లోనే చూసుకునే రకం. దాని మీద ఒకటే గీత ఉంది. ఏళ్ళుగా మాత్రలు వాడేవాళ్ళ విషయంలో ఆ పరీక్ష తప్పు చెప్పే ప్రమాదముందని, వాళ్ళు దాన్ని వాడకూడదని కాగితంలో ఎక్కడో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అక్కకు ఆ అక్షరాలు ఎవరు చెబుతారు? ఈ పట్టీ చూసుకుని పాపను ఎత్తుకున్నానే, ముందు చేతులు వణికాయి అంది. నువ్వు రాసింది నిజమే చిన్నదానా, ఆ కొద్దిమందిలో నేనొకదాన్ని, నా చెల్లెలే కనిపెట్టింది అని పక్కింటివాళ్ళకు చెప్పుకోవాలనిపించింది, కానీ ఎలా చెప్పుకోను అని నవ్వింది.

చిన్నదానికి అరవాలనిపించింది. కాళ్ళ మీద పడాలనిపించింది. రెండూ చేయలేదు. ఆ వెలుగుతున్న మొహం వంక చూసి, మింగలేక కక్కలేక, రేపు మా గదికి రా అక్కా, ఇంకోసారి చూద్దాం అంది. మళ్ళీ అదే మాట.

అక్క రాలేదు. మూడోనాడు వాంతులతో, తల పగిలిపోతోందన్న కేకలతో ఆసుపత్రికి తీసుకొచ్చారు. మెదడు పొరల్లో ఫంగస్ చేరిందని, ఒంట్లో దాన్ని ఆపే శక్తి మిగల్లేదని డాక్టర్లు చెప్పారు. ముందు దీన్ని అణచాలి, తర్వాతే ఆ మాత్రలు, వెంటనే మొదలుపెడితే ప్రాణానికే ముప్పు అన్నారు. కొన్ని వారాలు గడవాలి. తలలో ఒత్తిడి తగ్గడానికి వెన్నులోంచి నీరు తీస్తూ ఉండాలి. మర్నాటికల్లా అక్కకు చూపు మసకేసి, ఆపైన మొత్తం పోయింది.

మెట్ల మీద కూర్చోబెట్టి చిన్నది అక్క కూతురికి అంతా చెప్పింది. నాన్నకూ ఇదేనా అని అడిగింది ఆ పిల్ల. అవునంది. నీకు ముందే తెలుసా పిన్నీ అని అడిగింది. తెలుసంది. ఆ పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది చిన్నదానికి.

అక్క మాత్రం వైద్యానికి ఒప్పుకోలేదు. వెన్నులో సూది వేయబోతే చేతులు తోసేసింది. చేతికి మందెక్కిస్తున్న గొట్టం పీకేసింది. నాకు ఆ జబ్బు లేదు, మా చెల్లెలు రాసింది, పేపర్లో కూడా వేశారు, మీరే తప్పు రాసుకున్నారు అని గొడవ. డాక్టరు చిన్నదాన్ని పక్కకు పిలిచి, మీరు చెబితేనే వింటారు, ఈ రోజు నీరు తీయకపోతే ఇక చెప్పడానికి మనిషి ఉండదు అన్నాడు.

చిన్నది మంచం పక్కన కూర్చుంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ అక్క మొహం మీద పడుతోంది, ఆమె కళ్ళు మూయట్లేదు.

"అక్కా, ఆ రోజు గీత కొద్దిగా రాలేదు."

అక్క తల ఇటు తిప్పింది.

"మరి?"

"నిండుగా వచ్చింది. మూడు పట్టీల మీదా. అబద్ధం చెప్పాను."

వరండాలో ఎవరిదో బండి చక్రాలు కీచుమన్నాయి. అక్క అరచెయ్యి చాపింది.

"ఎంత నిండుగా? చూపించు. నాకు కనపడదుగా."

చిన్నది ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. సూదులు గుచ్చుకుని గట్టిపడిన వేళ్ళు. గోటితో అరచేతి మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఇంతేనా అంది అక్క. కాదు, ఇంకా లావు అని, ఈసారి బొటనవేలితో, ఈ చివర నుంచి ఆ చివరికి, చర్మం తెల్లబడేలా నొక్కి గీసింది. నాన్న తాడు లాగి వదిలినట్టు. ఆమె జీవితంలో తాడు వదులు చేయకుండా వేసిన మొదటి గీత అదే.

"ఇంత గీత పెట్టుకుని కొద్దిగా అన్నావటే. చెబితే చచ్చిపోతాననుకున్నావా?"

"అవును."

"చెప్పకపోతే?"

చిన్నది ఆ చేతి మీదే తల పెట్టి ఏడ్చింది. అక్క ఆమె తల నిమరలేదు. చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు. కాసేపటికి ఉలిక్కిపడినట్టు లేవబోయింది. పాపను ముద్దు పెట్టుకున్నానే, నా కంచంలో తినిపించానే, నా పక్కలో పడుకుందే అని వణికిపోయింది. ఆ గదిలోకి వచ్చిన దగ్గర నుంచి ఆమెకు భయం వేసింది అప్పుడే.

"పాపకేం కాదక్కా. అలా రాదు."

"నా మనసు కోసం చెబుతున్నావా?"

"కాదు. నీ మనసు కోసం చెప్పింది ఆ కొద్దిగా ఒక్కటే."

అక్క ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టు పెదాలు కదిపింది. నమ్మింది. నమ్మినట్టు భుజాలు దిగాయి. తర్వాత అడగాల్సింది అడిగింది.

"మాత్రలు మళ్ళీ మొదలుపెడితే పనిచేస్తాయా? బతుకుతానా?"

చిన్నదాని నోటి చివరికి ఆ పాత మాట వచ్చింది. మొదటి అక్షరం పెదాల మీదికి కూడా వచ్చింది. దాన్ని మింగేసింది.

"తెలీదక్కా."

"ఊఁ," అంది అక్క. "అలా చెప్పు."

ఆ మధ్యాహ్నం వెన్నులో సూది వేయనిచ్చింది. నొప్పికి పళ్ళు కొరుకుతూ, చిన్నదాని మణికట్టు కమిలిపోయేలా పట్టుకుంది గానీ కదల్లేదు. తర్వాత రోజుల్లో పాపను మంచం మీద కూర్చోబెడితే, దాని మొహమంతా వేళ్ళతో తడిమి, కొత్త పన్ను ఎక్కడుందో వెతుక్కునేది. ఆ ఫంగస్ ఒకసారి తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టే రోజు రాకముందే అక్క పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయిందని చుట్టాలు అనలేదు. మెదడు జ్వరమట అని చెప్పుకున్నారు. చిన్నది ఒక్కొక్కరి ఎదుటా నిలబడి, కాదు, హెచ్ఐవీ, మా అక్క మాత్రలు మానేసింది, నా మూలంగా మానేసింది అని చెప్పింది. వాళ్ళు నేల చూపులు చూశారు.

మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజున మెట్ల కింద బల్ల మీద గొడుగాయన ఉన్నాడు. ఇన్నాళ్ళూ మీరు రాలేదమ్మా, ఈసారైనా నా పట్టీ చూడాలి అని లేచాడు. చిన్నది ఆయన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. సూది తీయలేదు, పట్టీ విప్పలేదు. తన కుర్చీ ఆయన కుర్చీకి ఎదురుగా లాక్కుంది.

"మీకు జబ్బు ఉందండీ. మొదటిసారే తేలిపోయింది. ఇక చూసేదేమీ లేదు. మాత్రలు వేసుకుంటే బాగుంటారు. వేసుకుంటున్నారా?"

ఆయన గొడుగు పిడి రెండు చేతులతో పట్టుకుని, అక్షరాలు పేర్చిన ఆ వేళ్ళను చాలాసేపు చూసుకున్నాడు. ఆయన దవడలు లోపలికి పోయి ఉండటం చిన్నది అప్పుడే గమనించింది.

"మానేశానమ్మా," అన్నాడు. "మీరు చూద్దాం అన్నారు కదా."

చిన్నది లేచి ఆయన మోచెయ్యి పట్టుకుంది. మాత్రలిచ్చే గది పై అంతస్తులో ఉంది. ఆయనకు మెట్లెక్కడం కష్టమైంది, ప్రతి మెట్టు మీదా ఆగుతూ, తగ్గుతుందా అమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. తెలీదండీ, కానీ ఈ రోజే మొదలుపెట్టాలి అని ఆమె ప్రతి మెట్టు మీదా చెబుతూ తీసుకెళ్ళింది.